మూడు మీదే నడుస్తోంది

ఫిబ్రవరి 6

ఫోనొచ్చింది! పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చింది!

అక్షరాలు నాకే సరిగ్గా కనపడట్లేదు. అయినా రాయాలి.

పొద్దున నేను వెనక బట్టలారేస్తున్నాను. లోపల ఫోను మోగితే మా ఆవిడ తీసింది. "ఆ... ఆ... సరేనండీ... వస్తామండీ" అని పెట్టేసింది. ఎవరే అంటే, "ఆసుపత్రి వాళ్ళు. ఇరవయ్యో తారీఖున చిట్టిని తీసుకురమ్మన్నారు" అంది, పాల ప్యాకెట్టు తీసుకురమ్మన్నంత మామూలుగా! నేను తడిచొక్కా భుజానేసుకుని అలాగే పరిగెత్తాను. డెబ్భై రెండేళ్ళ వాణ్ణి. గడప తగిలి పడబోయి, తలుపు పట్టుకుని నిలబడ్డాను.

చిట్టి మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకి గొట్టం. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ గురక పెడుతోంది. నన్ను చూసి నవ్వింది.

"నాన్నా... చొక్కా... కారుతోంది" అంది. మాటకోసారి ఆగింది.

"కారనీవే! నీకు కొత్త ఊపిరితిత్తులు వస్తున్నాయి!"

వచ్చేసినట్టే. వాళ్ళు చూడాలి, పరీక్షలు చెయ్యాలి, పనికొస్తుందనుకుంటే చిట్టి పేరు వరసలో రాస్తారు. రాయకేం చేస్తారు? నలభై ఒక్క ఏళ్ళ పిల్ల. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి గానీ మిగతాదంతా బంగారం. వానాకాలంలో డాక్టరు మిషన్ మూడు మీద పెట్టమన్నాడు. ఇప్పటికీ మూడు మీదే ఉంది. ఒక్క అంకె పెరగలేదు. అడిగిన వాళ్ళందరికీ అదే చెప్తున్నాను. మూడు మీదే నడుస్తోంది అని.

మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది: "ఏమండీ, వాళ్ళు మార్చడానికి రమ్మన్నారా, చూడ్డానికి రమ్మన్నారా?"

"రెండూ ఒకటే కదే."

"ఒకటి కాదు" అంది. ఆవిడెప్పుడూ అంతే. పెళ్ళిలో కూడా ఆవిడ మొహం అలాగే ఉంది.

ఫిబ్రవరి 7

ఇవాళ కూడా సంతోషమే. కారణం నిన్నటిదే.

ఫిబ్రవరి 9

ప్రయాణం ఎలా అన్నది పెద్ద పనై కూర్చుంది. విమానం వద్దన్నాడు ఇక్కడి డాక్టరు. పైన గాలి పలచగా ఉంటుందట. అంబులెన్సు మాట్లాడనా అన్నాడు. పడుకోబెట్టి తీసుకెళ్తే చూసేవాళ్ళకి పేషెంటులా ఉంటుంది, నేనొద్దన్నాను. చిట్టి కూడా వద్దంది. "కిటికీ... ఉండదు" అంది.

కాబట్టి రైలు. పొద్దున ఎక్కితే చీకటి పడ్డాక దిగుతాం. ఇంట్లో మిషన్ ట్రంకుపెట్టె అంత ఉంటుంది, గోడకి తగిలించే ఉండాలి. దారికని భుజానికి తగిలించుకునే చిన్న మిషన్ అద్దెకి తెచ్చాను. దాని సొంత బ్యాటరీ ఒక సినిమా అంతసేపు వస్తుంది. సినిమా అయిపోయాక?

చిట్టే చెప్పింది, "పవర్... బ్యాంకు... పెద్దది" అని. ఫోనులో బొమ్మ కూడా చూపించింది. తెలివి! బస్టాండులో పద్దెనిమిదేళ్ళు మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడాగిందో, ఎవరి పిల్లాడు తప్పిపోయాడో అన్నీ చూసుకున్న పిల్ల. నేను బస్సు నడిపితే అది నా బస్సుని పిలిచేది. ఒకే బస్టాండులో తండ్రీ కూతుళ్ళం. ఆ డిపోలో అలాంటి అదృష్టం నాకొక్కడికే.

రేపు బజారుకి వెళ్ళాలి.

ఫిబ్రవరి 10

ఎంత మంచి మనిషి ఆ కొట్టాయన! కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బల్ల మీద విప్పిన రేడియో ఏదో బాగుచేస్తున్నాడు.

"ఏం ఫోను బాబాయ్?" అన్నాడు తలెత్తకుండా.

"ఫోను కాదయ్యా. మా అమ్మాయి."

అప్పుడు తలెత్తాడు.

అంతా చెప్పాను. విని, అరచేతిలో పట్టేవన్నీ పక్కకి నెట్టేశాడు. "ఇవి ఫోనుకి తప్ప దేనికీ పనికిరావు. వీటి మీద వేలకి వేలు రాసుంటాయి చూడండి, ఆ వేలన్నీ ఫోను లెక్క. మీకు గోడ ప్లగ్గు లాంటి ప్లగ్గు ఉన్న డబ్బా కావాలి. దానికి వాట్లు, గంటలు చూడాలి" అన్నాడు. నా మొహం చూసి, "బస్సు నడిపారన్నారుగా. ట్యాంకు ఎంతదని తర్వాత అడుగుదురు గాని, ముందు మీ బండి గంటకి ఎంత తాగుతుందో చెప్పండి" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు మొత్తం తెలిసిపోయింది. మైలేజీ! ఇంత చిన్న సంగతిని ఇంత తిప్పి చెప్తారెందుకు వీళ్ళు?

ఇంటికి ఆటోలో పోయి, మిషన్ బోర్లా తిప్పి, అడుగున రాసింది చిట్టి చేత చదివించుకుని, కాగితం మీద రాయించుకుని మళ్ళీ ఆటోలో వచ్చాను. ఆయన లెక్క కట్టాడు. రెండు డబ్బాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకదాని మీద అంకె పెద్దది, ధర తక్కువ. నేను దాన్నే పట్టుకున్నాను.

"రెండూ చెరో చేత్తో ఎత్తండి బాబాయ్" అన్నాడు.

ఎత్తాను. పెద్ద అంకెది దూదిలా తేలిపోయింది.

"అర్థమైందా? బ్యాటరీ అంటే బరువుండాలి. దీంట్లో మోసం చెయ్యడానికి ఇసుక పోయడం కూడా దండగనుకున్నాడు వాడు."

ఎంత నవ్వానో! బరువుదే తీసుకున్నాను. పిల్లల బడిసంచి అంత ఉంది, నల్లగా, పైన పట్టుకోడానికి పిడి, ముందు చిన్న అద్దంలో నూటికి ఎంత మిగిలిందో అంకె వెలుగుతుంది. డీజిలు ముల్లు లాగే.

"మూడు మీద పెడితే ఎనిమిది గంటలు ఇస్తుంది" అన్నాడు. "అట్ట మీద పది అని వేశాడు, నమ్మకండి, గోడ కరెంటులా మార్చేటప్పుడు కొంత వేడికే పోతుంది. తక్కువ మీద పెడితే ఎక్కువసేపు, ఎక్కువ మీద పెడితే తక్కువసేపు. ఎండలో పెట్టకండి. దుప్పట్లో చుట్టకండి, దానికి గాలాడాలి."

"దానికీనా!" అన్నాను. ఆయన నవ్వలేదు. నేనే నవ్వాను.

ధర ఇక్కడ రాయను. మా ఆవిడ ఈ డైరీ చదవదనే నమ్మకం నాకు లేదు.

ఫిబ్రవరి 12

డబ్బాని పరీక్ష పెట్టాను. నిండా ఛార్జింగ్ చేసి టేబులు ఫ్యాను తగిలించి ముందు కూర్చున్నాను. పొద్దున్నించీ తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం భోజనం కూడా దాని ముందే చేశాను.

మా ఆవిడ అటూ ఇటూ పోతూ, "ఫ్యానుకి ఇప్పుడు కులాసాగా ఉందా?" అని అడుగుతోంది.

చిట్టి లోపల్నించి, "ప్రయాణికులకు... విజ్ఞప్తి" అంది. చాలాసేపటికి, "ఫ్యాను... బయల్దేరుటకు... సిద్ధం" అంది.

ముగ్గురం నవ్వాం. తర్వాత చిట్టికి దగ్గొచ్చింది. చాలాసేపు వచ్చింది. మా ఆవిడ తలుపు వేసింది.

ఫ్యాను సాయంత్రం దాకా తిరిగింది. కొట్టాయన చెప్పినదానికన్నా ఎక్కువే!

ఫిబ్రవరి 17

రేపే. సంచులు సర్దాం. మా ఆవిడ మోకాళ్ళతో అంత దూరం రాలేదు. చిట్టి జుట్టు దువ్వి జడేసింది. వేసి, విప్పి, మళ్ళీ వేసింది. బాగానే ఉందిగా అంటే, "మీకేం తెలుసు" అంది.

ఫిబ్రవరి 18, రైల్లో

కిటికీ పక్క సీటు! చిట్టి కిటికీ పక్కన, నేను దాని పక్కన, మా ఇద్దరి మధ్య డబ్బా. బస్సు పొగ తప్ప ఎరగని నాకు రైల్లో కూర్చుని పోవడం దొరబాబులా ఉంది.

పెట్టెలో సీటు సీటుకీ ప్లగ్గుంది గానీ మన మిషన్ పెడితే టప్పుమని ఆగిపోయింది. దుప్పట్లిచ్చే అటెండెంటు వచ్చి, "ఫోన్లకేనండి అవి. ఇంకోసారి పెడితే పెట్టె మొత్తానికి పోతుంది" అన్నాడు. పోనీవయ్యా! నీ ప్లగ్గు ఎవడికి కావాలి? నా డబ్బా ఉంది.

ఎదురుసీట్లో బూట్ల ఏజెంటు ఒకాయన. "పెద్దాయనా, ఆ డబ్బా ఏంటండీ, సీటు మీద పెళ్ళికొడుకులా కూర్చుంది?" అన్నాడు. అంతా చెప్పాను. కొట్టు, లెక్క, ఫ్యాను, ఇసుక. ఎత్తి చూడమన్నాను. ఎత్తి చూశాడు. అవతల సీటు వాళ్ళూ, అటెండెంటూ కూడా వచ్చి ఎత్తి చూశారు.

పొద్దున్న నూరు. మధ్యాహ్నానికి డెబ్భై నాలుగు! కొట్టాయన లెక్కకి ఈపాటికి సగం కిందికి దిగాలి. నేను అంకె పైకి చదివినప్పుడల్లా ఏజెంటు చప్పట్లు కొడుతున్నాడు. చిట్టి నవ్వుతోంది. "మా నాన్న... మైలేజీ... డ్రైవరు" అంటుంది. అవును మరి, డిపోలో నా అంత తక్కువ డీజిలు కాల్చినవాడు లేడు. మెత్తగా తొక్కాలి, ముందే చూసి వదలాలి. డబ్బా కూడా మనిషిని బట్టి నడుస్తుందేమో.

చిట్టి శాలువా కప్పుకుని మిషన్ని ఒళ్ళో పెట్టుకుని బాగా నిద్రపోతోంది. ఇంట్లో ఇలా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. రైలు కుదుపుకి ఎవరికైనా నిద్ర వస్తుంది. కిటికీ అద్దానికి నీలం కాగితం అంటించారు, ఆ వెలుగుకి పెదాలు కూడా నీలంగా కనిపిస్తున్నాయి. ఏజెంటు రెండుసార్లు, "అమ్మాయికి బాగానే ఉందాండీ?" అన్నాడు. మూడు మీదే నడుస్తోందండీ అన్నాను.

దిగబోయే ముందు యాభై ఒకటి. ఇంకా సగం! సగం ట్యాంకుతో చేరాం!

ఫిబ్రవరి 19

లాడ్జి. ఆసుపత్రికి ఎదురుగానే. గది చిన్నదైనా మంచం పక్కనే ప్లగ్గుంది.

ఆగలేక కొట్టాయనకి ఫోను చేశాను. "యాభై ఒకటి మిగిలిందయ్యా!" అన్నాను.

"మూడు మీదేనా బాబాయ్?"

"మూడు మీదే."

ఏదో లెక్క గొణుక్కున్నాడు. "సరే బాబాయ్, అమ్మాయి జాగ్రత్త" అన్నాడు. తన సరుకు అంత బాగా పనిచేస్తుందని ఆయనకే తెలిసినట్టు లేదు.

ఫిబ్రవరి 20

పరీక్షలు. రక్తం, ఫోటోలు, గుండెకి జెల్లు రాసి ఒకటి. తర్వాత పొడుగాటి నడవాలో చిట్టిని నడవమన్నారు. నర్సు పక్కన, నేను వెనక డబ్బా పట్టుకుని. అటు చివర కుర్చీ దాకా వెళ్ళి వెనక్కి రావాలి. కుర్చీ దాకా వెళ్ళింది! కూర్చుంది.

వెనక్కి చక్రాల కుర్చీలో తెచ్చారు. అందరినీ అలాగే తెస్తారనుకుంటాను.

ఫిబ్రవరి 21

ఏమీ చెప్పలేదు. చెప్పలేదంటే బాగున్నట్టే. చెడ్డయితే వెంటనే చెప్తారు.

ఫిబ్రవరి 22

డాక్టరమ్మ చిట్టి కంటే చిన్నది. బల్లకి అవతల కూర్చోకుండా స్టూలు లాక్కుని చిట్టి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఎంత కలుపుగోలు మనిషి! నాకు చెప్తుందనుకున్నాను, చిట్టికే చెప్పింది.

గుండె కూడా అలిసిపోయిందట. కుడివైపు వాచిందట. ఆపరేషన్ తట్టుకోలేదట. అందుకని పేరు ఇప్పుడు రాయలేమన్నారు.

ఇప్పుడు అనే మాట అన్నారో లేదో నాకు సరిగ్గా వినపడలేదు. అనే ఉంటారు.

"గుండె సర్దుకున్నాక మళ్ళీ తీసుకురమ్మంటారా?" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. "ఇంటికి తీసుకెళ్ళండి. తనకిష్టమైనట్టు ఉండనివ్వండి. ఆయాసం తెలియకుండా మందులిస్తాను. ఇకనుంచి మిషన్ అయిదు మీద ఉండాలి" అంది.

ఇంటికి! ఆసుపత్రిలో పెట్టుకోకుండా ఇంటికే పంపుతున్నారంటే ఏమిటి అర్థం?

అయిదు సంగతి కూడా అంతే. పెద్దాసుపత్రి కదా, ఇక్కడ అన్నీ పెద్ద అంకెలే.

ఇంకో మాట. ఆ మిషన్‌కి జ్ఞాపకం ఉంటుందట. ఏ రోజు ఎంత మీద నడిచిందో దాచుకుంటుందట. అక్కడి కుర్రడాక్టరు తీగ తగిలించి కంప్యూటర్లో చూసి, "పద్దెనిమిదో తారీఖు పొద్దుట్నించి రాత్రి దాకా ఒకటి మీద ఉంది. ఎవరు తగ్గించారు?" అన్నాడు.

ఎవరూ తగ్గించలేదు. శాలువా తగిలి బటను నొక్కుకుని ఉంటుంది.

ఫిబ్రవరి 22, మళ్ళీ

శాలువా తగిలి ఉంటుంది అని చిట్టితో అన్నాను.

"శాలువా... కాదు నాన్నా" అంది. "నేనే."

"ఎందుకే?"

"అంకె దిగనప్పుడల్లా... నీ మొహం చూశావా... అద్దంలో?" అంది. ఊపిరి తీసుకుంది. "బాగుంది... కదా. అందరూ... చప్పట్లు."

ఫిబ్రవరి 23

పొద్దున లేచేసరికి నాకు తట్టింది! ఎంత మొద్దునో, నిన్నంతా బుర్ర పనిచెయ్యలేదు.

ఒకటి మీద! పొద్దున ఎక్కి చీకటి పడేదాకా ఒకటి మీద వచ్చింది నా కూతురు! మూడు కావాలన్న పిల్ల ఒకటి మీద అంత దూరం వచ్చిందంటే ఎంత బలం ఉండాలి లోపల? ఏ పేషెంటు చెయ్యగలడు? ఆ కుర్రాడు దీన్ని తప్పులా అడిగాడు గానీ డాక్టరమ్మకి చూపించి సంబరపడాల్సింది. ఆవిడ చూసి ఉండదు. చూసుంటే పేరు రాసేది.

వెళ్ళి చెప్దామనుకున్నాను. చిట్టి నా చొక్కా పట్టుకుంది. "ఇంటికి... పోదాం" అంది.

ఇంటికే! రేపే!

కొట్టాయనకి ఫోను చేసి అయిదు మీదైతే ఎంతసేపొస్తుందని అడిగాను. నాలుగు గంటలు కూడా రాదన్నాడు. "ఇంకో డబ్బా కొనండి బాబాయ్, లేదంటే అంబులెన్సు మాట్లాడండి. రైలు వద్దు" అన్నాడు. ఇక్కడి కొట్లన్నీ తిరిగాను. అలాంటిది లేదు, తెప్పిస్తే నాలుగు రోజులన్నారు. అంబులెన్సు సంగతి నర్సు కూడా ఎత్తింది. చిట్టి మళ్ళీ కిటికీ అంది. నాకూ వద్దనిపించింది. ఒకటి మీద వచ్చిన పిల్లకి మూడు చాలదా? మూడంటే దర్జా!

ఫిబ్రవరి 25, ఇంట్లో

నిన్న రాయలేదు. నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

రైలెక్కేటప్పుడు నూరు. మిషన్ మూడు మీద నేనే పెట్టాను. చిట్టి చెయ్యి బటన్ల మీదికి పోకుండా మిషన్ నా ఒళ్ళో పెట్టుకున్నాను. "చూడు, మహారాణిలా మూడు మీద పోతున్నాం" అన్నాను. తలూపింది. ఈసారి ఎదురుసీట్లో ఒక ముసలావిడ, పూసలు గుచ్చుకుంటూ కూర్చుంది. ఆవిడకి కూడా అంతా చెప్పాను. ఒకటి మీద ఎలా వచ్చిందో కూడా చెప్పాను. ఆవిడ పూసలాపి, "అమ్మాయి చెమటలు పడుతోంది, చూడండి" అంది.

ఎండ తగులుతోందన్నాను. తెర లాగాను.

మధ్యాహ్నం రైలు ఆగిపోయింది. స్టేషను కాదు, ఏమీ కాదు, అటూ ఇటూ చెరకో మొక్కజొన్నో ఉన్న పొలాలు. ముందు గూడ్సు ఏదో పట్టాలు తప్పిందట. ఫ్యాన్లు ఆగాయి. దీపాలు సగమే ఉన్నాయి. జనం దిగి పట్టాల పక్కన నిలబడ్డారు.

డబ్బా మీద నలభై. నాకేమీ భయం వెయ్యలేదు. నిజంగానే వెయ్యలేదు. చిట్టికి లెక్క చెప్తున్నాను. "చూడమ్మా, మిషన్ సొంత బ్యాటరీ ముట్టుకోలేదు. అదొక సినిమా. డబ్బాలో ఇంకా మూడు గంటలు. రైలు ఇప్పుడే కదిలితే చాలు. కదలకపోయినా రెండు మీద పెడితే ఇంకా వస్తుంది. నువ్వు ఒకటి మీదే వచ్చినదానివి, నీకేంటి! ఆరు నెల్లాగి మళ్ళీ వెళ్దాం. అప్పటికి గుండె సర్దుకుంటుంది. ఈ రికార్డు చూపిద్దాం ఆవిడకి. ఒకటి మీద వచ్చిందండీ అని..."

చిట్టి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు నీలంగా ఉన్నాయి. తెర వేసే ఉంది. అద్దం వెలుగు పడట్లేదు.

"నాన్నా" అంది. "కాసేపు... సంతోషపడకుండా... ఉంటావా?"

నేను ఆగాను.

"నీ సంతోషానికి... నాకు... ఊపిరి చాలట్లేదు."

కోపంగా అనలేదు. కొంచెం కిటికీ తియ్యమన్నట్టే అంది.

మిషన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. పూసలావిడ నా ఒళ్ళోకి వంగి, "ఏది నొక్కాలి బాబూ?" అంది. అప్పుడు నొక్కాను. నాలుగు. అయిదు. మిషన్ చప్పుడు మారింది, పెద్దగా దమ్ము తీస్తున్నట్టు. డబ్బా మీద అంకె కళ్ళ ముందే దిగుతోంది. నేను దాన్ని అటు తిప్పేశాను. బండి నడిపినన్నాళ్ళూ ముల్లు చూడకుండా నడిపింది లేదు.

చిట్టి కళ్ళు మూసుకుని పీలుస్తోంది. దాహమేసినవాళ్ళు తాగినట్టు పీలుస్తోంది. ఎన్నాళ్ళ దాహమో నేనడగలేదు.

రైలు కదల్లేదు. డబ్బా అయిపోయింది. టింగుమని అద్దం ఆరిపోయింది, అంతే. మిషన్ సొంత బ్యాటరీ మీదికి మారింది. అయిదు మీద అది సినిమాలో సగం కూడా రాదని నాకు తెలుసు. నేను లేచి అటెండెంటు గదికి వెళ్ళాను. గదంటే మరుగుదొడ్డి పక్కన బీరువా అంత చోటు. అదే మనిషి, వెళ్ళేటప్పుడు ఉన్నతనే. నన్ను గుర్తుపట్టాడు.

"ఏం పెద్దాయనా, పెళ్ళికొడుకు ఏడి?" అన్నాడు.

"చచ్చిపోయాడు బాబూ" అన్నాను. "మా అమ్మాయికి ప్లగ్గు కావాలి."

నా మొహంలో ఏం కనిపించిందో మరి. దుప్పట్ల మూటలు రెండు కాళ్ళతో బయటికి తన్నాడు. గోడలో తన హీటరు పెట్టుకునే ప్లగ్గుంది, "ఇది ఇంజను వైపు లైను, పోదు" అన్నాడు. చిట్టిని నేనూ అతనూ చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చి అతని మడతబల్ల మీద కూర్చోబెట్టాం. చిన్న గవాక్షం లాంటిది ఉంది. దాంట్లోంచి పట్టాల పక్క గడ్డి తప్ప ఏమీ కనపడదు. నాకు కూర్చునే చోటు లేక మూటల మీద కూర్చున్నాను.

చాలాసేపు మిషన్ చప్పుడు వింటూ కూర్చున్నాం.

తర్వాత నేనే అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఏదో ఒకటి అనకపోతే ఉండలేను కదా. ఇంకేమీ దొరకలేదు. "చిట్టీ, నాకు భయంగా ఉందమ్మా" అన్నాను.

"హమ్మయ్య" అంది.

దాని భుజాలు కిందికి దిగాయి. పెద్ద మూట దించినట్టు దిగాయి.

"ఇన్నాళ్ళూ నాకొక్కదానికే అనుకున్నాను" అంది. ఆగకుండా అంది. అయిదు మీద ఆ మాటంతా ఒక్క ఊపిరిలో వచ్చింది.

అప్పుడు మాట్లాడింది. ఆ గడ్డి చూస్తూ ఏవేవో అడిగింది. ఎలా ఉంటుందో డాక్టరమ్మ చెప్పిందట, నేను మందులకి కిందికెళ్ళినప్పుడు. అది నాకు చెప్పింది. నేను విన్నాను. బాగుంటుందిలే అనలేదు. రెండుమూడుసార్లు నోటిదాకా వచ్చింది. మింగాను. అమ్మకి ఎలా చెప్పాలి అంది. అమ్మకి తెలుసేమో అన్నాను. జడ రెండుసార్లు వేసినప్పుడే నాకూ అనిపించిందంది.

రైలు ఎప్పుడో కదిలింది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వాకిట్లో లైటేసి నిలబడి ఉంది. "ఏమన్నారు?" అంది.

చిట్టి నావైపు చూసింది.

"పేరు రాయలేం అన్నారే" అన్నాను. "ఇప్పుడే కాదు, ఇక ఎప్పటికీ రాయరు."

మా ఆవిడ నా చేతిలోంచి సంచీ తీసుకుంది. "లోపలికి రండి, చలిగా ఉంది" అంది. సంచీ తీసుకునేటప్పుడు నా వేళ్ళు కాసేపు పట్టుకుని వదిలింది.

ఫిబ్రవరి 26

కొట్టాయన ఫోను. తియ్యలేదు.

మార్చి 2

మంచం ముందుగదిలోకి మార్చాం. ఇంటి మిషన్ అయిదు మీద. చిట్టి ఇప్పుడు మాటలు తక్కువ, నిద్ర ఎక్కువ. మందు అలాంటిదట. నేను నిద్ర మంచిదేలే అని మొదలుపెట్టి ఆపేశాను.

పక్కింటాయన గేటు దగ్గర నిలబడి, "ఎలా ఉందండీ?" అన్నాడు.

"బాగాలేదండీ" అన్నాను.

ఆయన చెప్పులు సర్దుకుని గబగబా వెళ్ళిపోయాడు. నేనూ ఇన్నాళ్ళూ అలాంటి వాళ్ళకోసమే చెప్పానేమో ఆ మూడు సంగతి. కాదు, నాకోసమే.

మార్చి 5

పొద్దున అయిదు మీద కూడా పెదాలు నీలంగానే ఉన్నాయి. మా ఆవిడ తడిగుడ్డతో తుడుస్తోంది, తుడిస్తే పోతుందన్నట్టు.

నేను మిషన్ ముందు నేల మీద కూర్చున్నాను. అంకెలున్న గుండ్రటి మర పట్టుకుని అటు తిప్పి చూశాను. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తిప్పాను. చిట్టి కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"దీనికి ఆరు లేదా అమ్మా?" అన్నాను.

"లేదు నాన్నా" అంది. "అయిదే... ఆఖరు."